మేనమామ ఊరి దాకా గోల్ఫ్ ఆడుకుంటూ

గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్లు నేను చేసిన పని గడ్డి కోయడం. ఎడారి మధ్యలో పెంచిన ఒక గోల్ఫ్ మైదానంలో, ఆటగాళ్లు రాకముందే మెషిన్ ఎక్కి పచ్చికను నున్నగా కోయాలి. ఇసుక గుంతలను పళ్ల దంతెతో సాపు చేయాలి. నెలకు ఒక రోజు మైదానం మూసి ఉంచేవారు. ఆ పూట మాలాంటి పనివాళ్లను ఆడుకోనిచ్చేవారు. గోల్ఫ్ నేను అలా నేర్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు నా పెట్టెలో ఒక పాత గోల్ఫ్ కర్ర, ఆరు తెల్ల బంతులు ఉన్నాయి. కర్ర ఒక ముసలి ఆటగాడు వద్దనుకుని నాకిచ్చాడు. బంతులు పొదల్లో దొరికినవి.

మా ఊరు మంథని దగ్గర. నాకంటే ఐదేళ్లు పెద్దదైన మా అక్కను ఇచ్చిందీ ఆ ఊళ్లోనే. నేను క్షేమంగా ఇల్లు చేరితే ధర్మపురికి నడిచి వస్తానని ఆమె నర్సింహస్వామికి మొక్కుకుంది. నేను వచ్చిన వారానికే సంచి సర్దింది. "నేనూ వస్తా" అన్నాను.

"అయితే ధర్మపురి కాడికెల్లి వాపసు ఎందుకు తమ్మీ? గట్లనే గోదారి దాటి మేనమామ దగ్గరికి పోదాం. నడిచే కాళ్లు ఎట్లాగూ నడుస్తయి" అంది అక్క.

మేనమామది కాగజ్‌నగర్ పక్క పల్లె. మా అవ్వ, అంటే మా అమ్మ, పుట్టిన ఊరు. అక్కడి నుంచి పెళ్లయి ఎడ్లబండిలో వచ్చిన సంగతి అవ్వ ఎన్నిసార్లు చెప్పేదో. ఆమె పోయినప్పుడు నేను రాలేకపోయాను. మేనమామను ఆ తర్వాత ఫోన్లో తప్ప చూసింది లేదు.

వరికోతలు అయిపోయి, యాసంగి నార్లు ఇంకా పోయని రోజులవి. ఎటు చూసినా ఖాళీ మళ్లు, కొయ్యకాళ్లు, పొద్దున పూట మంచు. గోల్ఫ్ కర్రను చేతికర్రగా ఉంటుందని పట్టుకొచ్చాను. కానీ మా పొలం గట్టు దాటగానే ఆగలేకపోయాను. బంతిని కింద పెట్టి ఒక్క దెబ్బ కొట్టాను. అది మూడు మళ్లు దాటి వెళ్లి పడింది. కొంగలు లేచిపోయాయి.

అక్క నోరు తెరిచి చూసింది. "గింత గోలీకి గంత పొడుగు కర్రనా! మళ్ల కొట్టు, చూస్తా."

అలా మొదలైంది. మనుషులు, పశువులు, పంట లేని చోటే కొట్టాలని నియమం పెట్టుకున్నాం. ఊళ్లలో, రోడ్ల మీద బంతి అక్క కొంగున ఉంటుంది. ఖాళీ మళ్లు రాగానే ముడి విప్పి ఆమే కింద పెడుతుంది. రెండో రోజుకు ఎటు కొట్టాలో కూడా ఆమే చెప్పసాగింది.

కాలువ గట్టు మీద ఒక రైతు మమ్మల్ని ఆపాడు. నా చేతిలోని కర్రను అనుమానంగా చూశాడు.

"ఏం సర్వే ఇది? రోడ్డు ఏస్తరా ఏంది? నా పొలం దిక్కు రావద్దు, ముందుగాలే చెప్తున్న."

"సర్వే కాదే అన్నా, మా తమ్ముడు ఆడుకుంటుండు" అంది అక్క.

"గీ వయసులనా?"

"చిన్నప్పుడు ఆడుకోలే మరి."

ఆయన కాసేపు నిలబడి చూసి, "అయితే నా మళ్లకెల్లే కొట్టుకోండ్రి, గట్లు మాత్రం తెగ్గొట్టకుండ్రి" అని, తనూ వెంట వచ్చి బంతి ఎక్కడ పడిందో చూపించాడు. మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్లి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టించాడు. ఆయన కొడుకు దుబాయిలో మేస్త్రీ పని చేస్తున్నాడట. నాకు తెలుసేమోనని ఫోటో చూపించాడు. తెలియదు. అయినా ఇద్దరం ఆ ఫోటోను చాలాసేపు చూశాం.

ధర్మపురిలో అక్క గోదావరి స్నానం చేసి, దర్శనం చేసుకుని మొక్కు తీర్చుకుంది. బయటికి వచ్చాక నేను ఒడ్డున ఉన్న ఇసుకలోకి దిగాను. పద్దెనిమిదేళ్లు ఇసుకను సాపు చేశాను గానీ, అందులో తొక్కుకుంటూ ఆడింది తక్కువ. ఒకవేళ ఆడినా వెనక్కి తిరిగి నా అడుగులు నేనే చెరిపెయ్యాలి. ఇక్కడ ఎవరూ లేని వైపు తిరిగి కొట్టాను. ఇసుక నా నెత్తి మీద పడింది. మళ్లీ కొట్టాను. అక్క పగలబడి నవ్వి, చీర కుచ్చిళ్లు దోపుకుని, "నాకియ్యి ఒకసారి" అంది. మొదటి దెబ్బకు ఇసుకే లేచింది. రెండో దెబ్బకు బంతి నీళ్లలో పడింది. ఆమె ఊరంతా గెలిచినట్టు చేతులెత్తింది.

అక్కడ కూర్చుని నేను ఎవరికీ చెప్పని మాట చెప్పాను. అవ్వ పోయిందని ఫోన్ వచ్చిన పూట నేను మెషిన్ మీదే ఉన్నాను. సెలవు దొరకదని తెలిసి, ఏం చేయాలో తోచక, మైదానం మొత్తం కోశాను. కోసిందే మళ్లీ కోశాను.

అక్క నా నెత్తిలో ఇసుక దులుపుతూ, "నేను ఈడ ఇల్లంత అలికిన తమ్మీ. పొద్దుగూకేదాక అలుకుతనే ఉన్న" అంది. లేచి నడిచాం.

మంచిర్యాలలో నా దోస్తు ఉన్నాడు. గల్ఫ్‌లో పక్క మంచం అతనిది. నాకంటే రెండేళ్లు ముందు వచ్చేసి సైకిల్ రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. కర్ర చూడగానే షట్టర్ దించేశాడు. "ఒక్క రోజు మీతోని నడుస్తా భాయ్. అక్కా, చాయ్ నాష్తా ఫికర్ నాది" అన్నాడు.

అతను ఎప్పుడూ నాకంటే బాగా ఆడేవాడు. అదే కొంప ముంచింది. బెల్లంపల్లి తొవ్వలో ఒక బీడు చూసి అతను కొట్టిన బంతి, బీడంతా దాటి, బండకు తగిలి, అవతలి పత్తి చేనులోకి ఎగిరింది. పత్తి పగిలి చేను తెల్లగా ఉంది. మా బంతీ తెలుపే.

"యా అల్లా" అని అతను నెత్తి పట్టుకున్నాడు.

చేనులో నడుముకు ఒడులు కట్టుకుని పత్తి ఏరుతున్న ఆడవాళ్లు పది మంది దాకా ఉన్నారు. "ఏం దేవులాడుతున్నరు?" అని అడిగారు. అక్క చెప్పింది. వాళ్లు నవ్వీ నవ్వీ, సాలుకు ఒకరు చొప్పున వంగి వెతికారు. పత్తి ఏరుతూనే వెతికారు కాబట్టి వాళ్ల పనీ ఆగలేదు. మా ముగ్గురికీ తలా ఒక ఒడి కట్టి మమ్మల్నీ ఏరమన్నారు. గంట దాటింది. చివరికి ఒకామె తన ఒడిలో చెయ్యి పెట్టి, "ఓయమ్మా, గిదేం పత్తికాయ, రాయి లెక్క ఉన్నది!" అని కేక వేసింది. ఎప్పుడు ఏరి వేసుకుందో ఆమెకే తెలియదు. ఆ నవ్వులు రోడ్డు దాకా వినబడ్డాయి. సాయంత్రం దోస్తు బస్సెక్కుతూ కూడా చెప్పులకు అంటిన పత్తి పీకుతూ నవ్వుతూనే ఉన్నాడు.

ఆసిఫాబాద్ దాటాక అడవి తొవ్వలో పులి తిరుగుతుందని అందరూ చెప్పారు. "పులి ముంగట గోలీలాట వద్దు" అని అక్క చెయ్యెత్తి బస్సు ఆపింది. నాలుగు ఊళ్లు దాటాక దిగి, మళ్లీ నడిచాం.

పదహారో రోజు పొద్దున మేనమామ ఊరు చేరాం. ఆయన కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఎనభై దగ్గర పడుతున్నాడు. వాకిట్లో గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కను దగ్గరికి తీసుకుని, "మా అక్క నడకనే బిడ్డా నీది" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, వాకిలి మధ్యకు తీసుకెళ్లి చూపించాడు.

అక్కడ మోకాలి లోతు గుంత. అందులో ఒక మేకపిల్ల హాయిగా పడుకోవచ్చు.

"ఇదేంది మామా?"

"మీ ఆటల బంతి ఆఖరుకు బొందల పడాలెగద అల్లుడా. మీ అక్క ఫోన్ల చెప్పింది. నిన్న పొద్దుగాలకెల్లి తవ్విన."

"గోల్ఫ్‌లో గుంత గింతే ఉంటది మామా, చెంబు మూతంత."

ఆయన నావైపు వింతగా చూశాడు. "మంథనికెల్లి వస్తుంటిరి. గంత దూరంకెల్లి వచ్చేటోళ్లకు చెంబు మూతంత తవ్వితె మర్యాదనా?"

నేను పది అడుగుల దూరం నుంచి కొట్టాను. బంతి గుంతలో పడింది. పడకుండా ఉండే వీలే లేదు. అక్క కొట్టింది, పడింది. మామ కర్ర అందుకుని, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి గుంత పక్క నుంచి దొర్లి కోళ్ల గూటి కిందికి పోయింది.

"కర్ర వంకరున్నది" అన్నాడు మామ. "ఇంకోసారి పెట్టు."