ముగ్గురం కలిసి ఒక దుబాసీ

కొట్లాట కేసు పెట్టేటప్పుడు అవతలి ఇంట్లో మగవాళ్ళందరి పేర్లూ రాయించడం మా దివిసీమలో మామూలు. కోడూరు దగ్గర ఒక పొలంగట్టు తగాదాలో ఆ అలవాటు కొద్దీ ఒకాయన పేరు కూడా రాయించేశారు. ఆ రోజుకి ఆయన కువైట్‌లో వంటపనిలో ఉన్నాడని ఊరందరికీ తెలుసు, రాయించినవాళ్ళతో సహా. తెలియనిది కోర్టుకే.

డెబ్బైల చివర నేను బందరులో జూనియర్ వకీలుని. ఆయన భార్య ఒక కవరు నా ముందు పెట్టి, "ఆ రోజు తను అక్కడే ఉన్నట్టు కాగితం పంపాడండి," అంది. చూస్తే నిండా అరబ్బీ. సోమవారానికల్లా ఇంగ్లీషు అనువాదం ఇవ్వకపోతే అరెస్టు వారంటే అన్నారు మేజిస్ట్రేటు గారు. రేపు సెలవుకొచ్చే మనిషిని ఇంటి గడప తొక్కకముందే పట్టుకుపోతారని ఆవిడ భయం. "బందరులో అరబ్బీ చదివేవాళ్ళకి కరువా?" అని మా సీనియరు నన్ను తరిమారు.

నిజంగానే కరువు లేదు. ఆవిడా నా వెంట వచ్చింది. మసీదు పక్కన పిల్లలకు అరబ్బీ నేర్పే పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని కాగితాన్ని రాగయుక్తంగా చదివారు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు తలమీద రుమాలు కప్పుకుని నిలబడ్డారు. ఆవిడ ప్రార్థనలో లాగా చెంగు కప్పుకుంది. నేనూ చేతులు కట్టుకున్నాను. చివర్లో అర్థం అడిగాను.

"అర్థం తెలీదండి. చదవడమే నేర్చుకున్నాం, చదవడమే నేర్పుతున్నాం. తప్పు మాత్రం ఉండదు," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో రోజూ నేను గడగడా అప్పజెప్పే సంస్కృతం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

కువైట్‌లో పనిచేసి వచ్చేసిన డ్రైవరొకడు గుడివాడలో ఉన్నాడని చెప్పింది కూడా ఆయనే. ఆదివారం ఆవిడా నేనూ బస్సెక్కుతుంటే, అక్కడ ఎవరైనా తప్పు చదువుతారేమోనని తనూ ఎక్కారు. అదే మంచిదయింది. డ్రైవరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మాట్లాడ్డం వచ్చండి, చదవడం రాదు," అన్నాడు.

ఇక పెద్దాయన చదవాలి, డ్రైవరు తెలుగులో చెప్పాలి, నేను ఇంగ్లీషులో రాయాలి.

"రాగం తీసెయ్యండి పెద్దాయనా. అక్కడెవరూ అలా మాట్లాడరు," అన్నాడు డ్రైవరు.

"రాగం తీసేస్తే నాకు చదవడం రాదు బాబూ."

మూడోసారి చదివినా డ్రైవరు బుర్ర గోక్కుంటున్నాడు. "మా యజమాని దగ్గర నేను నేర్చుకున్నవన్నీ తిట్లేనండి. ఇందులో ఒక్కటీ లేదు, అందుకే ఆలస్యం."

నాలుగోసారికి అతని మొహం మారింది. "ఇది యజమాని ఇచ్చింది కాదండి. ఆస్పత్రిది. ఆ తారీఖున ఈయన మంచంమీద ఉన్నాడు. కాగే నూనె పడి చెయ్యి కాలింది."

"ఇంకేం, ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది," అన్నాను సంబరంగా. వకీలు బుద్ధి. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను. మా మూడు సంతకాల అనువాదాన్ని మర్నాడు మేజిస్ట్రేటు గారు నవ్వుతూనే ఒప్పుకున్నారు, వారంటు తప్పింది. కానీ డ్రైవరు ఆ మాటన్న క్షణాన ఆవిడకి కోర్టు గుర్తులేదు.

"ఏ చెయ్యండి?" అంది.

అడక్కుండానే పెద్దాయన మళ్ళీ మొదటినుంచి చదివారు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. ఏ చెయ్యో అందులో లేదు.

"కుడిచెయ్యే అయ్యుంటుందండి," అంది ఆవిడే చివరికి. "మూడు నెలల్నుంచి ఉత్తరాలు వేరేవాళ్ళ దస్తూరీలో వస్తున్నాయి. తీరిక లేదన్నాడు, నమ్మాను."