మీటరు మీద పేరు

మందుల కంపెనీ పర్చేజ్ ఆఫీసర్ నాకు ఇచ్చింది నాలుగు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు ఫోన్‌లో ఇంకెవరినో తిట్టాడు. మిగిలిన ఒక్క నిమిషంలో నేను తీసుకెళ్లిన సంచిని లోపలికీ బయటికీ తిప్పి, కుట్టును గోరుతో గీకి చూసి, "పని బాగుంది మేడమ్. జీఎస్టీ నంబర్ ఉందా?" అన్నాడు.

లేదన్నాను. నాలాంటి చిన్న సంపాదనకు అది అక్కర్లేదని చట్టంలోనే ఉందట కదా అని, ఎక్కడో విన్న ముక్క కూడా ధైర్యంగా చెప్పాను.

"చట్టానికి అక్కర్లేదు మేడమ్. మా కంప్యూటర్‌కు కావాలి. ఆ గడి ఖాళీగా ఉంటే బిల్లు ముందుకు పోదు" అన్నాడు.

ఆ సంచి సంగతి చెప్పాలి. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీల్లో గిర్రున తిరిగే పెద్ద డ్రమ్ములుంటాయి. వాటి లోపల గుడ్డ సంచి తొడుగుతారు. నీళ్లు గుడ్డలోంచి బయటికి పోతాయి, మందు పొడి సంచిలో మిగులుతుంది. కుట్టు ఒక్కచోట విడిచినా పొడి నీళ్లపాలు, ఆ రోజు చేసిన సరుకంతా దండగ. అందుకని రెండు వరసలు కుట్టి, దారం కొసలు మంటతో కాల్చి అంటించాలి. ఆరేళ్లుగా ఆ పని నా ఇంట్లో, నా మిషన్ మీదే జరుగుతోంది. ఒక కాంట్రాక్టర్ గుడ్డ తెచ్చి పడేసి, కుట్టిన సంచులు పట్టుకుపోయేవాడు. వచ్చిన దాంట్లో సగం ఆయనకు, మిగిలిన సగంలో ఆలస్యాలకూ అలకలకూ కోత.

డబ్బు కోత కంటే నన్ను ఎక్కువ మండించింది లేబుల్. ప్రతి సంచి అంచున లోపలివైపు చిన్న గుడ్డ ముక్క కుట్టాలి, దాని మీద ఆయన పేరు. ఆరేళ్లలో ఆ పేరును నేను తలచుకున్నన్ని సార్లు ఆయన పెళ్లాం కూడా తలచుకుని ఉండదు. ఒక లేబుల్ వంకరగా వచ్చిందని ఆయన ఓసారి నా గుమ్మంలో నిలబడి, "నా పేరు ఖరాబ్ జేస్తున్నవ్" అని అరిచాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆయన పేరు నిలబెట్టే పని నాదైనప్పుడు నా పేరేమయింది అని మొదటిసారి అప్పుడే అనిపించింది. అందుకే ఈసారి సంచి పట్టుకుని నేనే కంపెనీకి వెళ్లాను.

పర్చేజ్ ఆఫీసర్ ఆఖరి మాట ఇది. నెలాఖరులోగా నంబర్ తెస్తే నలభై సంచుల ఆర్డర్ నేరుగా నాకు, లేబుల్ నాది. తేకపోతే ఎప్పటిలాగే పాతాయనకు.

మర్నాడే పటాన్‌చెరులో ఒక ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లాను. దాన్ని నడిపేది ఏదో ఫ్యాక్టరీలో అకౌంట్స్ గుమస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి ఒక్కో ప్రశ్న చదివాడు.

"వ్యాపారం పేరేందమ్మా?"

మా ఆయన దేవుడి పేరు పెట్టమన్నాడు. దేవుడు ఒక్క సంచి కూడా కుట్టలేదు కాబట్టి నా పేరే చెప్పాను. తర్వాత వ్యాపారం ఎలాంటిదో ఒక పట్టికలోంచి ఎంచుకోమంది కంప్యూటర్. అందులో ఏనుగు దంతాల దగ్గర్నుంచి ఎండుచేపల దాకా అన్నీ ఉన్నాయి. మా సంచి దొరికేసరికి ఆయన రెండు టీలు తాగాడు, రెండూ నా లెక్కలోనే.

"ఇల్లు సొంతమా, కిరాయా?"

"కిరాయి."

"అయితే కరెంటు బిల్లు తేవాలె. బిల్లు ఎవరి పేరు మీదుంటే వాళ్ల సంతకంతోని ఒప్పుకోలు కాగితం గావాలె. గంతే."

గంతే అన్నాడు. ఆ మాట నేను జన్మలో నమ్మను ఇక.

మేం పటేల్‌గూడలో ఉంటాం. రెండు గదులు, ముందు వసారా. వసారాలో నా మిషన్. గోడ అవతల సగంలో ఇంటి ఓనర్. ఆయన్ను బస్తీ అంతా చాచా అనే పిలుస్తుంది. డెబ్బై దాటాడు. ఒకప్పుడు మేకులు, బోల్టులు అమ్మే దుకాణం ఉండేది, ఇప్పుడు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఉంది. ఇంటికంతటికీ ఒకటే మీటరు. ప్రతి నెలా మీటరు చూసేవాడు వచ్చి, బిల్లు చింపి, గేటు ముందు నిలబడి "ఫలానా సాహెబ్!" అని పేరు పెట్టి గట్టిగా పిలిచేవాడు. చాచా "జీ, వస్తున్న" అని లేచి, చొక్కా పై గుండీ పెట్టుకుని, వెళ్లి రెండు చేతులతో బిల్లు అందుకునేవాడు. కరెంటు బిల్లుకు ఇంత మర్యాదేమిటని నేను నవ్వుకునేదాన్ని.

ఒప్పుకోలు కాగితం టైపు చేయించి ఆయన ముందు పెట్టాను. చదివి, కళ్లు తుడుచుకుని మళ్లీ చదివి అన్నాడు. "ఇది నా పేరు గాదు, బేటా."

"అదేంది చాచా! నెలనెలా ఇదే పేరు పిలిస్తే నువ్వే కదా పోతవ్?"

"ఇది మా అబ్బాజాన్ పేరు."

"మరి ఆయనెక్కడున్నడు? సంతకం పెట్టించుకొస్త."

"కబ్రస్తాన్ల" అన్నాడు చాచా, చాలా మామూలుగా.

నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ప్రతి నెలా కిరాయి చేతిలో పెట్టాను, ఆయన రసీదు ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆయన అసలు పేరు నాకు తెలియదన్న సంగతి ఆ రోజే తెలిసింది. బిల్లు మీదున్న ఓనర్ పోయి ఇరవై రెండేళ్లయింది.

సెంటర్ పెద్దమనిషికి ఫోన్ చేస్తే ఆయన గొంతు తగ్గించి, "పెద్దాయన సంతకం ఎవరన్న పెట్టెయ్యండమ్మా, ఎవడు జూస్తడు" అన్నాడు. నాకు భయం వేసింది గానీ చాచాకు వెయ్యలేదు. ఆయన కలం తీసుకుని కుడివైపు నుంచి ఎడమకు ఉర్దూలో చకచకా ఒక సంతకం గీకాడు. కలం ఎక్కడా ఆగలేదు.

"గిట్ల ఎట్లొచ్చింది చాచా?"

"బడిల ప్రోగ్రెస్ కార్డు మీద మొత్తం నేనే పెట్టేటోన్ని. అన్నిట్ల ఫెయిలే ఉండె" అన్నాడు.

అలా ఒక చచ్చిపోయిన మనిషి నా వ్యాపారానికి ఒప్పుకున్నాడు. తప్పేనని తెలుసు. కానీ నెలాఖరు దగ్గర పడుతున్న కొద్దీ నా నీతి కొంచెం కొంచెం కుదించుకుపోతోంది, దాస్తే ఏం లాభం. నాలుగో రోజున కంప్యూటర్ నుంచి జవాబొచ్చింది. ఓనర్ ఆధార్ కాపీ, ఫోన్ నంబర్ జత చేయమని.

సెంటర్ పెద్దమనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆధార్ రాకముందే పోయిండా పాపం" అన్నాడు, అదేదో ముసలాయన తొందరపాటు అన్నట్టు. ఇంటి పన్ను రసీదు చూద్దామంటే అదీ చాచా తండ్రి పేరు మీదే. ఆ దరఖాస్తు వదిలేయాల్సి వచ్చింది. ఒకటే దారి మిగిలింది, మీటరు మీద పేరు మార్చడం.

చాచా ఒప్పుకోలేదు. మొదటి రోజు మోకాళ్ల నొప్పి అన్నాడు. రెండో రోజు, కాగితాలు కదిలిస్తే ఇన్‌కంటాక్స్ వాళ్లు ఇంటి మీద పడతారన్నాడు. ఆయన కిరాయికి వాళ్లు ఆటో ఖర్చు పెట్టుకుని కూడా రారని చెప్పాను, వినలేదు. మూడో రోజు, "ఉండనియ్ బేటా, ఏం తక్కువైంది? లైటు ఎలుగుతలేదా?" అన్నాడు.

నాకు నోరు జారే జబ్బుంది. వసారాలోంచి గేటు దాకా వినపడేట్టు అరిచాను. "నీ పిసినారితనానికి నా బతుకు ఆగం జేస్తవా? సచ్చినోని పేరు మీద కరెంటు కాల్చుకుంటవ్, సంతకాలు పెడ్తవ్, నువ్వు మాత్రం నీ పేరు ఏడా రాయవ్. నీకసలు పేరున్నదా లేదా?"

చాచా కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లాడు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి విని, "పెద్దమనిషిని గట్లంటరా?" అన్నాడు. ఆయన మీద కూడా అరిచాను. కానీ ఆ రోజంతా కుట్టిన కుట్టు ఒక్కటీ తిన్నగా రాలేదు. సిగ్గు అనిపించింది, క్షమించమని అడగడానికి ఇంకా ఎక్కువ సిగ్గు అనిపించింది.

తెల్లారి తొమ్మిదింటికి చాచా నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన తల, చంకలో పాత రేకు డబ్బా. అందులో తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి కాగితాలు, అభ్యంతరం లేదని చెల్లెలు రాసిచ్చిన ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం కొత్తది. నేను అరిచిన సాయంత్రమే ఆటోలో సంగారెడ్డి పోయి రాయించుకొచ్చాడట.

"సలో, జల్దీ పోదాం. ఎండ ముదురుతది" అన్నాడు. నిన్నటి మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కరెంటాఫీసు గుమస్తా కాగితాలు తిరగేసి అడిగాడు. "తండ్రి పోయి ఇరవై రెండేండ్లయితే ఇన్నొద్దులు ఏం జేసిండ్రు?"

"బిల్లు కట్టిన సార్" అన్నాడు చాచా. "ఒక్క నెల ఆపలే."

ఆ గదిలో అందరం నవ్వాం, చాచా తప్ప. ఫారం నింపి ఆయన చేతికిస్తే, కొత్త పేరు రాయాల్సిన చోట కలం పెట్టి చాలాసేపు ఆగాడు. తండ్రి సంతకం అంత వేగంగా గీకిన చెయ్యి తన పేరు దగ్గర ఒక్కో అక్షరానికీ ఆగి ఆగి కదిలింది. ముసలితనం అనుకున్నాను. నేను కుట్టు తప్ప ఇంకేదీ సరిగా చూడనని అప్పుడప్పుడు రుజువవుతూ ఉంటుంది.

వారం తిరిగేసరికి ఆన్‌లైన్‌లో పేరు మారింది. సెంటర్‌లో మళ్లీ దరఖాస్తు, మళ్లీ టీలు. తనిఖీకి ఒక మేడం స్కూటీ మీద వచ్చి, వసారాను, మిషన్‌ను, గేటుకు కట్టిన నా బోర్డును ఫోటో తీసుకుంది. బోర్డు వాడు అక్షరాలు ఎంత పెద్దవిగా వేశాడంటే మలుపు దాకా కనపడేది. సంచులన్న మాట చదివి ఎదురింటావిడ, "కూరగాయల సంచులా వదినా?" అని అడిగింది. మరేం ఫర్వాలేదు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులుందనగా నంబర్ వచ్చింది, పదిహేను అక్షరాలూ అంకెలూ. ఫోన్‌లో చూసుకుని ఏడ్చాను. మా ఆయన ఎవరో పోయారనుకుని చెప్పులు వేసుకున్నాడు.

నంబర్ వచ్చాక తెలిసింది, పని లేని రోజులకు కూడా లెక్క చెప్పాలట. ఏమీ అమ్మకపోతే, ఏమీ అమ్మలేదని గడువులోపల ప్రభుత్వానికి చెప్పుకోవాలి. చెప్పకపోతే రోజుకింత జరిమానా. ఈ పద్ధతి మా ఆయన ఆదివారాలకు కూడా పెడితే బాగుంటుందనిపించింది. సంవత్సరానికోసారి ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేరే. నా సంపాదనకు కట్టాల్సిన పన్ను సున్నా అని తేల్చడానికి సెంటర్ పెద్దమనిషికి ఇంతని ఫీజు కట్టాను.

కానీ నలభై సంచులు నావే. లేబుళ్లు వచ్చిన రోజు మొదటిది నాలుగుసార్లు విప్పి కుట్టాను, వంకరగా ఉందేమోనని. ఎనిమిదో సంచి మీద ఉండగా గేటు దగ్గర బీప్‌మని చప్పుడు, బిల్లు చింపిన చప్పుడు. మీటరు చూసేవాడు కాగితంలోకి చూసి ఒక పేరు పిలిచాడు.

చాచా కుర్చీలోనే ఉన్నాడు. కదల్లేదు.

వాడు మళ్లీ పిలిచాడు. చాచా ఎదురింటి వైపు చూశాడు. "ఎవర్ని పిలుస్తున్నడు బేటా? ఇల్లు తప్పి వచ్చినట్టున్నడు" అన్నాడు నాతో.

"నిన్నే చాచా. నీ పేరే" అన్నాను.

ఆయన లేచాడు. చొక్కా పై గుండీ కోసం చెయ్యి పైకి వెళ్లి, పెట్టుకోకుండానే దిగిపోయింది. బిల్లు ఒంటి చేత్తో తీసుకుని వచ్చి నా మిషన్ పక్కన నిలబడ్డాడు. నా కాలు మిషన్ మీద ఆగిపోయింది.

"ఇరవై రెండేండ్లు నెలకోసారి మా అబ్బాజాన్‌ను గేటు కాడ పిలిచిండ్రు. నేను పోయి, వస్తున్న అన్న" అన్నాడు. "దునియాల ఆయన పేరు పిలిచేటోడు వాడొక్కడే ఉండె."

చాచా బిల్లును మడిచి జేబులో పెట్టుకుని, నా ముందున్న సంచి అంచు తిప్పి లేబుల్ చూశాడు. దాని మీద బొటనవేలు పెట్టి నా పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని, గట్టిగా, గేటు ముందు పిలిచినట్టు చదివాడు.

"జీ చాచా" అన్నాను.