బరువు దించిన రాయి

మా మావగారు ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో రాళ్లను నొక్కారు. చమురు బావిలోంచి తీసిన రాతిముక్కను ఉక్కు గొట్టంలో బిగించి, పాతాళంలో ఉన్నంత ఒత్తిడి పెట్టి, ఈ కొసన పుట్టించిన శబ్దం ఆ కొసకు ఎంతసేపట్లో చేరిందో రాసుకునేవారు.

రిటైరయ్యాక ఆయనకే ఏ శబ్దమూ చేరడం లేదు. చెవులు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు తేల్చేశాడు. నిన్న మోటారు కట్టెయ్యమని అత్తగారు నాలుగుసార్లు అరిచినా నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకున్నారు. ట్యాంకు పొంగింది. మెట్లు తుడిచింది నేను!

"దున్నపోతు మీద వాన కురిసినట్టేగా మీతో!" అంది అత్తగారు.

"భూమిలో రాయి నెత్తిన కొండంత బరువుంటుందే. పగుళ్లు మూసుకుపోయి శబ్దం పరిగెడుతుంది. పైకి తీస్తే పగుళ్లు తెరుచుకుంటాయి, శబ్దం నత్తలా పాకుతుంది. నన్నూ పైకి తీశారు. నా తప్పేముంది?"

ఇవాళ పొద్దున్నే అత్తగారు నా కవలల్లో ఒకణ్ణి ఆయన ఒళ్లో, ఇంకొకణ్ణి భుజాల మీద కూర్చోబెట్టి, వంటింట్లోకెళ్లి గుసగుసగా అంది: "కాఫీ చల్లారిపోతోంది."

"వస్తున్నానే! ముందు వీళ్లని దించండి!" అని హాల్లోంచి గావుకేక.

"రాయి మంచిదేనమ్మాయ్," అంది అత్తగారు నాతో. "సాయంత్రం దాకా దించకు."