చేపలు కడిగిన నీళ్ళు

ఫెరార్‌గంజ్ వైపు కొత్తగా వచ్చి స్థిరపడే సెటిలర్ల పొలాల కోసం మా దీవిలో అడవి కొడుతున్న రోజులవి. అక్కడ చేపలమ్మడానికి వెళ్ళిన నాన్న, కూలిన చెట్టు కొమ్మకు అంటుకుని ఉన్న ఓ మొక్కను తువ్వాలులో చుట్టి, బతు బస్తీలోని మా ఇంటికి తెచ్చాడు. "ఆర్కిడ్డంట, పువ్వు సూడాలంట!" అన్నాడు గొప్పగా.

"సెట్ల మీద బతికే బదనికని పట్టుకొచ్చి పేరెట్టీసినాడు" అని అమ్మ నవ్వింది. నవ్విందే గాని, చిల్లుల కుండ వెతికి, బొగ్గులూ కొబ్బరి పీచూ వేసి, మొక్కను నాటి చూరుకు వేలాడదీసింది కూడా అమ్మే.

మా బస్తీలో చేపలు కడిగిన నీళ్ళు ఎవరూ పారబోయరు. బీరపాదుకైనా బంతిమొక్కకైనా అవే బలం. అమ్మ దీనికీ రోజూ ఓ చెంబుడు పోసేది. మొక్క పచ్చగా, ఏపుగా పెరిగి కిందికి వేలాడింది. పువ్వు మాత్రం లేదు. వేట నుంచి రాగానే, భుజం మీది వల దించకముందే నాన్న అడిగేది ఒకటే: "పూసిందేటి?" నాలుగేళ్ళు అడిగాడు. ఐదో ఏడు జ్వరమొచ్చి పోయాడు.

ఆ పువ్వు చూసి తీరాలని అప్పట్నుంచి అమ్మకు పంతం. చెంబు కాస్తా రెండు చెంబులైంది.

చౌల్దారీ నుంచి కూరగాయలు తెచ్చే దీదీ ఓసారి ఆ కుండ చూసి తల కొట్టుకుంది. "అరే, పానీ బంద్ కరో!" అని, నీళ్ళు ఆపమని నన్ను కోప్పడింది. చలికాలం నుంచి దాన్ని ఎండనివ్వాలట, ఆకులన్నీ రాలాకే పూస్తుందట. అమ్మ వింటేగా! నా మొండితనమూ తక్కువది కాదు. చలికాలం రాగానే కుండను తీసుకెళ్ళి అమ్మకందని దూలానికి కట్టేశాను.

"మీ అయ్య తెచ్చిన మొక్కని మాడ్చి సంపుతావేటే?" అంది అమ్మ. అంతే, రెండు నెలలు నాతో మాట్లాడలేదు. కంచం నా ముందుకు తోసి వెళ్ళిపోయేది. ఒక్కో ఆకూ పండి రాలుతుంటే, అమ్మ చూడకముందే ఏరి పారేసేదాన్ని. అది చస్తే అమ్మ నన్ను జన్మలో క్షమించదు.

మార్చిలో, ఎండుపుల్లల్లాంటి ఆ కాడల మీద కణుపు కణుపుకీ మొగ్గలేశాయి. వారం తిరిగేసరికి అన్నీ లేత ఊదా పూలే! నా గర్వం చెప్పనలవి కాదు. కుండ దించి అమ్మ ముందు పెట్టి, "సూసినావా, ఎవరిది గెలుపో!" అన్నాను. ఛీ, ఆ మాట ఎందుకన్నానో.

అమ్మ పూలను ముట్టుకోలేదు.

"అయితే నేనేనేటే? నాలుగేళ్ళూ నేనే నీళ్ళు పోసి పోసి, మీ అయ్యకి సూపించకుండా సేసినానా?"

గెలుపు సంబరంలో ఆ లెక్క నాకు తట్టనే లేదు. "కాదమ్మా, దానికి ఈడు రావొద్దేటి? ఇప్పుడే వొచ్చినాది. ఆ దీదీకేటి తెలుసు!" అని అబద్ధమాడేశాను.

"అంతేనంటావా?" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"అంతేనమ్మా."

మరుసటి చలికాలం, నేను చెప్పకుండానే, అమ్మే స్టూలెక్కి ఆ కుండను దూలానికి కట్టింది.