పిల్లి రెండో కన్ను

మా తై సరస్సు ఒడ్డున పట్టుతో బొమ్మలు కుట్టే ఇళ్లలో కళ్లజోడు ఎంత మందమైతే అంత గొప్ప. పేయింగ్ అక్క జోడు పవర్ పదమూడు. గుడ్డ బిగించిన చట్రం ముందు కూర్చోగానే జోడు తీసి జుట్టు మీదికి తోసి, ముక్కు గుడ్డకు ఆనేంతగా వంగేది. మేం భూతద్దం పెట్టుకుంటేగాని కనబడని పట్టు పీచు ఆమె ఉత్త కంటికే కనబడేది.

"దూరం చూసే కళ్లు బస్సు డ్రైవర్లకే. సూది పట్టేదాన్ని పుట్టించేటప్పుడు పైవాడు చూపు దగ్గరికి బిగించి పంపుతాడు" అని నన్ను ఏడిపించేది.

మేమూ అదే నమ్మేవాళ్లం. ఆడపిల్లకు దూరపు చూపు ఆనడం లేదంటే, చేతికి పనొస్తుందిలే అని మురిసిపోయే మూర్ఖులం. జోడుతో చూపు సరవుతుంది గాని కన్ను సరవదు. చూపు అంతగా తగ్గిందంటే కనుగుడ్డే పొడవుగా సాగిందన్నమాట. దాంతోపాటు వెనకున్న పొర పలచబడుతుంది, ఎప్పుడైనా చిరగవచ్చు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

ఆ వసంతంలో అక్క గుడ్డకు రెండువైపులా ఒకేలా కనబడే పిల్లిని కుడుతోంది. జంతువు కళ్లు చివర కుట్టడం మా ఆనవాయితీ. రెండు కళ్లూ ఒకే చేతి మీద పడాలి, చెయ్యి మారితే బొమ్మలో జీవం పోతుందంటారు. మొదటి కన్ను పూర్తయిన రోజు ఆమె గుడ్డ మీద ఏదో గిల్లుతోంది.

"ఇక్కడ నల్లపోగు పడింది చూడు మిన్. నా గోటికి అందట్లేదు, నువ్వు తియ్యి."

వంగి చూశాను. "ఏమీ లేదక్కా."

ఆమె చూపు పక్కకు తిప్పితే పోగు కూడా కదిలిందట. సాయంత్రానికి ఎడమ కంటినిండా నల్లటి నలుసులు, మూలల్లో మెరుపులు. మర్నాడు కింది నుంచి నీడ పాకుతోందంటే పట్నంలో కళ్ల డాక్టర్ దగ్గరికి లాక్కుపోయాను.

"లోపలి పొర చిరిగి ఊడిపోతోంది. నడిమి చూపు ఇంకా ఉంది. ఈరోజే పెద్దాసుపత్రికి వెళ్లండి" అన్నాడాయన.

"పిల్లికి ఇంకో కన్ను మిగిలింది డాక్టరుగారూ. అది కుట్టేసి వెళ్తాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. తిరుగు బస్సులో నేను తిట్టని తిట్టు లేదు.

"పిల్లికి కన్ను పెట్టి నువ్వు గుడ్డిదానివవుతావా?"

"నోర్ముయ్యవే. బొమ్మను సగంలో వదిలేసిన దాని చేతికి రేపు ఎవరు పనిస్తారు?"

యజమానురాలు షెన్ వదిన 'వెళ్లు' అని ఒక్క మాటంటే అక్క వెళ్లిపోయేది. "నీ ఇష్టం పేయింగ్" అని టీ పోసింది. ఆ టీ తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క కుట్టేసింది. కుట్టేసి ఆసుపత్రికి చేరేసరికి నీడ నడిమి చూపునూ మింగేసింది. ఆపరేషన్ చేసి, పొర అతుక్కోవాలని బోర్లా పడుకోబెట్టారు. "జన్మంతా వంగే ఉన్నాను, ఇదేం కొత్త?" అంది. పొర అతుక్కుంది గాని చూపు తిరిగి రాలేదు. ఆ కంటితో మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం తెలియదు. కుడికన్నూ అంతే పలచగా ఉందనీ, ఏటా చూపించుకోవాలనీ, నలుసులో మెరుపులో కనబడితే ఆ రోజే పరుగెత్తుకు రావాలనీ చెప్పారు.

ఆమె మళ్లీ మా దగ్గరికొచ్చేసరికి పిల్లి ఇంకా ఇంట్లోనే ఉంది. అక్క ఎడమకన్ను మూసుకుని, జోడు తీసి, బొమ్మకు ముక్కు ఆనించింది.

"ఇది నా కుట్టు కాదు."

నేనే చెప్పాను. "నీ చూపు వంకర పోయింది కదక్కా, కంటిపాప వంకరగా పడింది. షెన్ వదిన విప్పించి రువోలాన్ చేత కుట్టించింది."

రువోలాన్ మా అందరిలోకీ కొత్తది. తన చట్రం వెనక బిక్కచచ్చిపోయి కూర్చుంది.

అక్క పిల్లిని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. తప్పు దొరికితే బాగుండునని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"బాగానే చూస్తోంది" అంది చివరికి. "అయితే నేను ఆరోజే ఆసుపత్రికి వెళ్లిపోయినా సరిపోయేదే, మిన్."