పాపకు పట్టిన డిపో కల్లు

కల్లును తిట్టినవాళ్లూ పొగిడినవాళ్లూ లోకంలో బోలెడుమంది. పోసవ్వకు వాళ్లెవరితోనూ పనిలేదు. బాన్సువాడ చుట్టూ కాలువ నీళ్లు పారే మళ్లన్నిట్లో నాట్లేసిన మనిషి. సాయంత్రం కల్లు అమ్మే డిపోకు పోయి ఓ సీసా పడితేనే ఆమె నడుము నిలబడేది. పడని నాడు చేతులు వణికేవి. చాకిరీ వణుకనుకునేది.

కోడలు నవనీత బట్టల దుకాణంలో పనికి పోతే, పళ్లొస్తున్న మనవరాలు ఈమె ఒళ్లోనే. ఏడిస్తే చెంచాడు కల్లు. తల్లి తనకు పట్టింది, తను కొడుక్కు పట్టింది. అప్పటిది ఈతచెట్టు దిగిన కల్లు, ఇప్పటిది డిపోలో ఏవేవో కలిపి సీసాల్లో నింపే కల్లు. ఆ తేడా ఆమెకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం పిల్ల మరీ సతాయిస్తే ఇంకాస్త పట్టింది. నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకొని డిపోకు పోయేసరికి, తండా నుంచి యూనివర్సిటీకెక్కిన జ్యోతి అక్కడ చిన్న మిషనూ దానికో పుల్లా పెట్టుకొని కూర్చుంది.

"ఏంది బిడ్డా, షుగరు చూసే పుల్లనా?"

"అసొంటిదే అవ్వా. కల్లుల ఏం కలిపిన్రో చెప్తది."

"మా ఆయనను ముంచి చూడు, అన్నీ బయటపడ్తయి!" అని పక్కనామె అంటే అందరూ నవ్వారు.

జ్యోతి విప్పి చెప్పింది. పుల్ల కొసన బంగారు పూత. దాని మీద మడిలో నారు నాటినట్టు డిఎన్ఏ పోగులు. మన ముక్కూ మొహం తాతముత్తాతల నుంచి మోసుకొచ్చే పోగే అది. తన జతపోగు కనబడితే అల్లుకుంటుంది కనుక రోగాల జాడ తీయడానికీ వాడతారు. ఇవి మాత్రం కల్లులో మత్తుకు కలిపే నిద్రమాత్రల మందును పట్టడానికి ఏరి పెట్టినవి. మందు తగిలితే అత్తిపత్తి ఆకులా ముడుచుకుంటాయి, పారే కరెంటు మారుతుంది.

కల్లు చుక్క వేసింది. మిషను మీద గీత లేచింది.

"మస్తు మందున్నది అవ్వా. తాగకుర్రి."

పోసవ్వ భుజం మీది పిల్లను కదిపింది. తల వాలిపోయింది. పేరు పెట్టి పిలిచింది, చెంప తట్టింది. లేవలేదు.

జ్యోతి బండి మీద దవాఖానకు చేరారు. కబురందుకొని నవనీత పరుగున వచ్చింది. డాక్టరమ్మ పిల్ల కనురెప్పలెత్తి చూసి, "ఏమన్న తాగిపిచ్చిన్రా?" అంది.

"పాలు తప్ప ఏం తాగది మేడం," నవనీత గబగబా చెప్పింది. "మా అత్త కండ్లల్ల పెట్టుకొని చూస్తది."

మెదడువాపేమోనని డాక్టరమ్మ నర్సుతో అంటోంది. కల్లు సంగతి చెబితే పిల్ల మళ్లీ పోసవ్వ ఒళ్లోకి రాదు. చెప్పకపోతే?

"కల్లు పట్టిన," అంది. "డిపోది. ఎప్పటికన్న ఎక్కువనే పట్టిన."

నవనీత అత్తవైపు తిరిగింది. "ఎప్పటికన్ననా?"

డాక్టరమ్మ అప్పటికే పిల్ల మొహానికి ఆక్సిజన్ పెట్టిస్తోంది. ఏ వేళ పట్టిందో, ఎన్నాళ్లుగా పడుతోందో అడుగుతుంటే పోసవ్వ దాచకుండా చెప్పుకొచ్చింది. ఒక్కో జవాబుకు కోడలు ఒక్కో అడుగు వెనక్కి జరిగింది.

పొద్దు వాలుతుండగా లోపల సన్నగా ఏడుపు వినిపించింది. పోసవ్వ దిగ్గున లేచింది. తలుపు దగ్గర నవనీత చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ముట్టకు."

ఏడుపు పెరిగింది. పోసవ్వ వరండాలోనే కూలబడింది. చేతులు వణకడం మొదలైంది. అలవాటైన ఆ కల్లు ఒక్కసారిగా మానినా ప్రమాదమే, డాక్టరమ్మకు చూపించుకో అంటోంది జ్యోతి.

"ఏడ్వనీ," అంది పోసవ్వ తలుపు వైపే చూస్తూ. "ఇంకింత గట్టిగ ఏడ్వనీ."