ఐదు కుర్చీల గది

ఈ ఉదయం బాబాయి కీబోర్డు తుడుస్తూ గమనించాను. నాలుగు బటన్ల మీద అక్షరాలు లేవు. ఆటలో మనిషిని ముందుకు, వెనక్కు, ఎడమకు, కుడికి నడిపించే బటన్లవి. మిగతావన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. మల్కాపురంలో నెట్ సెంటర్ నడిపిన మా పిన్ని భర్త, మా బాబాయి, గురువారం గుండెపోటుతో పోయారు.

నేను పెరిగింది ఆ గదిలోనే. కాన్వెంట్ వదిలాక, అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా మూల స్టూలు మీద చదువుకునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. బాబాయి మాట్లాడమనేవారూ కాదు. ఒకరోజు నా పుస్తకం పక్కన మౌస్ పెట్టి వెళ్లిపోయారు.

తుపాకీ ఆటల చరిత్ర నాకు చెప్పింది ఆయనే. మొదట్లో తెర అడుగున ఒక తుపాకీ, దాన్ని పట్టుకున్న చెయ్యి. మనిషి కనబడడు, చూసేది మనమే కాబట్టి. గోడలన్నీ ఒకే ఎత్తు. "అప్పట్లో తల పైకెత్తడం లేదమ్మా. ఆకాశం ఉందో లేదో తెల్దు" అనేవారు. తరవాత మౌస్‌తో పైకీ కిందకీ చూసే ఆటలొచ్చాయి. కుర్రాళ్లకు కళ్లు తిరిగితే బాబాయి కౌంటర్ మీద నిమ్మకాయలు కోసి పెట్టారట.

ఆయనకు నచ్చిన కాలం ఆ తరవాతది. ఐదు సిస్టంలనూ వైర్లతో కలిపారు. అంతవరకూ తెరలోని రాక్షసులను కాల్చినవాళ్లు పక్క కుర్చీలోని స్నేహితుణ్ణి కాల్చడం మొదలుపెట్టారు. పోర్టులో షిఫ్టు దిగినవాళ్లతో గది నిండేది. ఆటలో చనిపోయినవాడు రౌండు అయ్యేదాకా లేచి వెనక నిలబడాలి. అక్కణ్ణుంచి చూస్తే ఎవరెక్కడ దాక్కున్నారో తెలిసిపోతుంది. అందుకే బాబాయి పెట్టిన నియమం ఒక్కటే: "సచ్చినోడు మాటాడకూడదు." వెనక ఎవరైనా దగ్గినా ఊరుకునేవారు కాదు. "దగ్గుతో సెప్తన్నావేటి, బావా?" అనేవారు.

తరవాత ఆట ఫోన్లలోకి వెళ్లింది. వందమంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. ఒకరికొకరు తెలియదు. కుర్రాళ్లు ఎవరి మంచం మీద వాళ్లు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడుకోసాగారు. సెంటర్‌కు ప్రింట్ల కోసం వచ్చేవాళ్లే మిగిలారు. బాబాయి మాత్రం ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఐదు సిస్టంలూ ఆన్ చేసి, పాతవాళ్లకు ఫోన్ చేసేవారు. "ఓపాలి రండి బావా, కుర్సీలు నిండాల." వస్తామనేవారు. వచ్చేది నేనొక్కదాన్నే. ఇద్దరం ఆడేవాళ్లం, మధ్యలో మూడు ఖాళీ కుర్చీలతో. మాట్లాడకుండా ఒకరితో కలిసి కూర్చోగలిగిన చోటు ఈ ఊళ్లో నాకు ఇంకొకటి లేదు.

నిన్న, సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక, ముగ్గురు పాతవాళ్లు ఇంటికి వచ్చారు. ఒకాయనకు జుట్టు పలచబడింది. పిన్ని టీ ఇచ్చి, సిస్టంలు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తున్నానంది. ఆ జుట్టు పలచబడినాయన నా వైపు చూశారు.

"ఓపాలి ఆన్ సెయ్ పాపా."

ఇంటి ముందుగదిలోనే ఉన్న సెంటర్ తెరిచి, ఐదూ ఆన్ చేశాను. వాళ్లు ముగ్గురు, నేను. బాబాయి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తెర మీద ఆయన మనిషి మాత్రం మొదలైన చోటే, ఒక గోదాము గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అందరం ఆ గుమ్మం ముందు నుంచి వెళ్లాం. ఎవరూ కాల్చలేదు. ఒకరి తరవాత ఒకరు ముగ్గురూ చనిపోయి, లేచి, నా వెనక నిలబడ్డారు. దగ్గు కూడా వినబడలేదు. చివరికి నేనూ ఆయనా మిగిలాం. రౌండు సమయం అయిపోయేదాకా ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

బాబాయికి ఆట సరిగా వచ్చేది కాదు. ఎప్పుడు ఆడినా అందరికంటే ముందు చనిపోయేది ఆయనే.